బండి బాగోగులు: కూలెంట్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ఎండలు ముదిరాయి, బడులకు సెలవులిచ్చారు, మన జిల్లాల బండ్లన్నీ అరకు వైపు తిరిగాయి. ఘాట్ ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోందని ఉత్తరాల మీద ఉత్తరాలు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం రేడియేటర్‌కీ అందులో పోసే నీళ్లకీ, అంటే కూలెంట్‌కీ, ఇచ్చేశాను. నాకు తెలిసిందంతా పదిహేడో ఏట సాలూరు లారీ షెడ్డులో మొదలుపెట్టి నేర్చుకున్నది, ఆ తర్వాత విజయనగరంలో సొంత షెడ్డు పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా కార్ల మీద చూస్తున్నది.

ప్రశ్న: రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో చిన్న పెట్రోల్ కారు కొన్నాను. తొమ్మిదేళ్ల బండి. మొన్న పిల్లలతో అరకు వెళ్తుంటే శృంగవరపుకోట దాటి ఘాట్ సగం ఎక్కాక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్లింది. బండి ఆపేసి, బాగా చల్లారాక, పక్కన టీ కొట్టువాళ్లు ఇచ్చిన నీళ్లు పోసుకుని వెనక్కి వచ్చేశాం. ఇప్పుడు కూలెంట్ బాటిల్‌లో నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. కూలెంట్ నేనే మార్చాలని ఉంది. "అంబాసిడర్‌కి ఇరవై ఏళ్లు బావి నీళ్లే పోశాను, దానికేమైంది?" అంటున్నారు మా నాన్నగారు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

జవాబు: మీరే మార్చుకోవచ్చు మాస్టారూ. అందరికీ ఈ మాట చెప్పను. బండి ఆపి, బాగా చల్లారేదాకా ఆగామని రాశారు చూడండి, అది చదివాక ధైర్యంగా చెబుతున్నాను. ఈ పనికి రెంచి పట్టడం కంటే ముందు రావలసింది ఆగడం.

మీ నాన్నగారి మాట ముందు చూద్దాం. ఆయన చెప్పింది ఆ బండికి చెల్లింది. అంబాసిడర్ ఇంజిన్ పోత ఇనుము, రేడియేటర్ రాగీ ఇత్తడీ. లోపల పొర కడితే రేడియేటర్ దింపి, పై ట్యాంకు టంకం కరిగించి విప్పి, గొట్టాల్లో కమ్మీ ఆడించి, మళ్లీ టంకం పెట్టి బిగించేవాళ్లు. నేనూ అలా ఎన్నో చేశాను. మీ కారు రేడియేటర్ అల్యూమినియం. గొట్టాలు పలచగా, బల్లపరుపుగా ఉంటాయి. చివర్ల ట్యాంకులు ప్లాస్టిక్‌వి, అంచులు నొక్కి బిగించినవి. అది పూడిపోతే విప్పి బాగుచేసే పని మన దగ్గర దాదాపు లేదు, కొత్తది వేయడమే. ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిపడే పొర మీరు చూసే ఉంటారు. వేలి గోటితో గీకినా రాదు. అదే పొర ఆ పలచటి గొట్టాల్లో కడుతుందనుకోండి, నీళ్లకీ లోహానికీ మధ్య దుప్పటి కప్పినట్టే. నీళ్లలో ఉప్పు ఉంటే అల్యూమినియాన్ని చుక్కలు చుక్కలుగా తినేస్తుంది కూడా. సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చే బండ్లలో ఇది నేను తరచూ చూస్తాను.

అలాగని మీరు ఘాట్‌లో టీ కొట్టు నీళ్లు పోసి తప్పు చేయలేదు. దారిలో వేరే దిక్కు లేనప్పుడు, ఇంజిన్ చల్లారాక, ఏ శుభ్రమైన నీళ్లయినా పోసి ఇంటికి చేరవచ్చు. ఇంటికి వచ్చాక ఆ నీళ్లనే ఏడాదంతా ఉంచేయడం దగ్గర బండి పాడవుతుంది. మీ బాటిల్‌లో ఇటుక రంగు లోపలి ఇనుప భాగాలకు పట్టిన తుప్పు. బహుశా ఆ కారులో కూలెంట్ అన్నది మీరు కొనకముందే అయిపోయింది.

కూలెంట్ అంటే ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం, నీళ్లు, తుప్పు పట్టకుండా కాపాడే మందులు. నీళ్లు గడ్డకట్టకుండా ఉండటానికి చలి దేశాల వాళ్లకి గ్లైకాల్ కావాలి, చీపురుపల్లిలో ఎందుకు అని అడుగుతారు కొందరు. మనకి దాంతో రెండు లాభాలు. నీళ్లు మరిగే వేడి పెరుగుతుంది, తుప్పు ఆగుతుంది. రెండోదే మనకి ముఖ్యం. గ్లైకాల్ ఏళ్ల తరబడి ఉంటుంది గానీ తుప్పు మందులు వాడకంలో అరిగిపోతాయి. పైకి రంగు బాగానే కనిపిస్తుంది, లోపల కాపలా ఉండదు. పాత రకం ఆకుపచ్చవి సుమారు రెండేళ్లు, కొత్త రకాలు అయిదేళ్ల దాకా పనిచేస్తాయి. మీ బండి పుస్తకంలో గడువు రాసి ఉంటుంది, దాన్నే నమ్మండి.

ఇక రేడియేటర్ మూత సంగతి. ఇది తొందరగా చదివి వదిలేయకండి.

నేను పనిలో చేరిన మొదటి ఏడాది, కోరాపుట్ లోడుతో సుంకి ఘాట్ ఎక్కబోయి, ఆవిర్లు కక్కుతూ ఒక లారీ వెనక్కి తిరిగి మా షెడ్డుకి వచ్చింది. గురువుగారు భోజనానికి వెళ్లారు. డ్రైవర్ తొందరపెట్టాడు. నేను గోనెపట్టా తడిపి మూత మీద వేసి సగం తిప్పాను. బుస్సుమని ఒకటే చప్పుడు. మూత ఎగిరి పైకప్పు రేకుకి కొట్టుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం చొక్కా చేతితో పాటే వచ్చేసింది. ఎవరో పరిగెత్తుకొచ్చి సిరా పోశారు, దాంతో పుండు ఇంకా ముదిరింది. రేకు మీద పడిన సొట్ట ఆ షెడ్డు పడగొట్టే రోజు దాకా అలాగే ఉంది. గురువుగారు నన్ను తిట్టలేదు. "సల్లారేదాకా దాని జోలికి ఎల్లొద్దని నాను ముందే సెప్పవలసింది, తప్పు నాదేరా" అన్నారు. ఇప్పుడు నా షెడ్డులో చేరే ప్రతి కుర్రాడికీ మొదటి రోజు పనిముట్టు ఇవ్వను. ఈ చెయ్యి చూపిస్తాను.

అలా ఎందుకు చిమ్ముతుందంటే, మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె వేసి ఉంటుంది చూడండి. అంత ఒత్తిడి వచ్చేదాకా మూత ఆవిరిని వదలదు. 0.9 మూత కింద ఉత్త నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. లోపల 110 డిగ్రీల నీళ్లు మౌనంగా ఉంటాయి. మూత తీసిన క్షణాన ఒత్తిడి పోతుంది, ఆ నీళ్లు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో పాటు పైకి చిమ్ముతాయి. గుడ్డ అడ్డం పెట్టినా, మొహం పక్కకి తిప్పుకున్నా ఆగేది కాదు. ఒకవేళ ఎప్పుడైనా చేయి కాలితే కొళాయి కింద చల్లటి నీళ్ల ధారలో ఇరవై నిమిషాలు పెట్టి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సిరా, పేస్టు, పసుపు ఏవీ వద్దు.

కాబట్టి ముందు రోజు రాత్రి బండి సమంగా ఉన్న చోట పెట్టేసి, తెల్లవారాక పని మొదలుపెట్టండి. తాళం చెవి జేబులో వేసుకోండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ తనంతట తనే తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త. కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మి దూరకండి, స్టాండ్లు లేకపోతే ఆ పని మానేయండి.

ఒక వెడల్పాటి టబ్బు, గరాటు, శ్రావణం, చేతి తొడుగులు, లీటర్ల గీతలున్న క్యాను దగ్గర పెట్టుకోండి. మూత తీసి, రేడియేటర్ అడుగున ఒక మూల ఉండే డ్రెయిన్ ప్లగ్ చేత్తోనే నెమ్మదిగా తిప్పండి. అది ప్లాస్టిక్. తొమ్మిదేళ్లు వేడిలో కాగిన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, శ్రావణంతో పడితే విరిగి చేతికొస్తుంది. కదలకపోతే వదిలేసి కింది హోస్ పైపు క్లిప్పు విప్పండి. పైపు అతుక్కుపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి లాగితే ట్యాంకు ముక్కు పగులుతుంది. పైపుని గుండ్రంగా అటూ ఇటూ మెలిపెట్టండి, వదులుతుంది. బాటిల్ కూడా ఊడదీసి కడగండి.

దిగిన నీళ్లు కొలవండి. చాలామంది ఈ కొలత దగ్గరే తప్పుతారు. మీ బండి పుస్తకంలో మొత్తం కూలెంట్ 4.5 లీటర్లని ఉందనుకుందాం. మీకు దిగింది 3 లీటర్లే. మిగతా లీటరున్నర ఇంజిన్ దిమ్మలో, హీటర్ గొట్టాల్లో ఉండిపోయింది. ఇప్పుడు మీరు రంగునీళ్లు పోయేదాకా కడుగుతారు. నీళ్లు పోసి, మూత పెట్టి, పై హోస్ పైపు వేడెక్కేదాకా ఇంజిన్ నడిపి, ఆపి, పూర్తిగా చల్లారాక దించి, మళ్లీ పోసి. మీ ఇటుక రంగుకి మూడు నాలుగు సార్లు పట్టవచ్చు, అంటే ఒక రోజు పని. మొదటి రెండు సార్లకి ఆర్వో ప్లాంట్ నీళ్లు చాలు, చివరి రెండు సార్లకి డిస్టిల్డ్ వాటర్ వాడండి. వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్లు మాత్రం పోయకండి, ఇంజిన్ పై భాగం, అదే హెడ్డు, పగుళ్లిస్తుంది.

కడగడం అయ్యాక కూడా ఆ లీటరున్నర నీళ్లు లోపలే ఉంటాయి. సగం సగం కలిపి అమ్మే రెడీ కూలెంట్ 3 లీటర్లు తెచ్చి పోశారనుకోండి, 4.5 లీటర్లలో అసలు కూలెంట్ లీటరున్నరే అవుతుంది, మూడో వంతు. సగం ఉందనుకుని మీరు తిరుగుతూ ఉంటారు. అందుకని చిక్కటి, అంటే నీళ్లు కలపని కూలెంట్ కొనండి. 4.5లో సగం, అంటే 2.25 లీటర్లు ముందు పోసేయండి. మిగిలిన 0.75 లీటరు డిస్టిల్డ్ వాటర్. లెక్క సరిపోయింది. మీ పుస్తకంలో సగం కాకుండా 30 శాతం అని ఉంటే ఆ ప్రకారమే లెక్క వేసుకోండి. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లబడుతుందని నిండా చిక్కటిదే పోసేవాళ్లున్నారు. అది తప్పు. వేడిని మోయడంలో నీళ్లదే పై చేయి, గ్లైకాల్ దానికి తోడు మాత్రమే. డబ్బా మీద మన దేశ ప్రమాణం ఐఎస్ 5759 అనో జపాన్ ప్రమాణం జేఐఎస్ కె 2234 అనో ఉందేమో చూసుకోండి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ కొట్లలో దొరుకుతుంది. అక్కడే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు, డబ్బా మీద పేరు చదివి మరీ తెచ్చుకోండి.

పోయడం నెమ్మదిగా. గబగబా పోస్తే గాలి లోపల ఇరుక్కుంటుంది. ఎయిర్ పట్టిన బండికి కొత్త కూలెంట్ పోసినా ముల్లు పైకే వెళ్తుంది, అప్పుడు మనిషికి టెన్షన్. నిండాక హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, మూత తీసే ఉంచి, ఇంజిన్ నడపండి. మూతి దగ్గర బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, కొంచెం కొంచెం పోస్తూ ఉండండి. పై పైపుని తొడుగు చేత్తో నొక్కి వదిలితే లోపల దాక్కున్న బుడగ కూడా బయటికి వస్తుంది. బుడగలు ఆగాక మూత బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూసి ఇంజిన్ ఆపండి. ముల్లు సగం దాటినా లోపలికి చల్లగాలే వస్తోందంటే ఇంకా ఎయిర్ ఉన్నట్టే. ఆపేసి, చల్లారాక మళ్లీ మొదటి నుంచి చేయండి. రేడియేటర్ మీద అసలు మూతే లేని కార్లూ ఉన్నాయి, వాటికి బాటిల్ మూతే ఒత్తిడి మూత, గాలి వదలడానికి వేరే స్క్రూ ఉంటుంది. మీదీ అలాంటిదైతే ఆ స్క్రూ ఎక్కడుందో పుస్తకంలో చూశాకే మొదలుపెట్టండి. తర్వాత మూడు రోజులు పొద్దున్నే, బండి తీయకముందు, బాటిల్‌లో మట్టం చూడండి.

ఇంకొక్క మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు. తీసిన పాత కూలెంట్ కాలవలో, చెరువు గట్టున, పెరట్లో పారబోయకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి. మా షెడ్డు గుమ్మంలో పడుకునే నల్లకుక్క ఒకటుండేది. ఒక రాత్రి టబ్బు మూయకుండా ఇంటికి వెళ్లిపోయాను. మర్నాటికి అది తూలుతూ నడిచింది, ఎండ దెబ్బనుకున్నాం. మూడో రోజుకి లేవలేదు. మూత్రపిండాలు పోయాయని పశువుల డాక్టర్ చెప్పారు. కొంచెం తాగినా చాలు అంతే. పసిపిల్లలు తాగితే వాంతి చేయించడం, మజ్జిగ పట్టడం అంటూ ఇంట్లో ఉండిపోకండి. డబ్బాతో సహా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. దీనికి విరుగుడు మందుంది, గంటలు గడిచేకొద్దీ దాని వల్ల ఉపయోగం తగ్గిపోతుంది. తీసిన ద్రవాన్ని గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, పాత ఆయిల్ సేకరించే వర్క్‌షాపులో అడిగి అప్పగించండి.

ఇంత చేశాక కూడా ఘాట్‌లో ముల్లు లేస్తే కూలెంట్‌ని అనకండి. రేడియేటర్ అప్పటికే పూడి ఉండవచ్చు. కింద సాలూరు తమ్ముడికి రాసిన జవాబు కూడా చదవండి.

ప్రశ్న: నా కారులో నెలకోసారి బాటిల్ మట్టం కింది గీత దగ్గరికి వచ్చేస్తోంది. బండి కింద ఒక్క చుక్క కనపడదు. నీళ్లు ఎటు పోతున్నట్టు?
– ఒక గృహిణి, పలాస

జవాబు: ఎటో పోతున్నాయి తల్లీ, అది ఖాయం. ఏడాదికి వేలెడు తగ్గితే పట్టించుకోనక్కర్లేదు. నెలకి ఇంత తగ్గితే కారణం వెతకాలి.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద, బాటిల్‌కి బయట మార్కర్‌తో గీత పెట్టి తేదీ రాయండి. వారం తర్వాత అదే వేళకి చూడండి. వేడి మీద ఒకసారి, చల్లగా ఒకసారి చూస్తే లెక్క తప్పుతుంది. తర్వాత, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, రేడియేటర్ మూత తీసి తిప్పి చూడండి, లోపలి రబ్బరు ఎండి పగిలి ఉంటే ఆవిరి ఘాట్‌లో, ట్రాఫిక్‌లో బయటికి పోతుంది, కింద చుక్క పడదు. నా అనుభవంలో ముందు అనుమానించవలసింది ఈ మూతనే. అదే అంకె ఉన్న మూత కొనండి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, సీలు పోతే అక్కడి నుంచి కారి, వేడికి ఆరిపోయి, రంగు చారలా గట్టిపడుతుంది. ముందు సీటు దగ్గర చాప తడిగా ఉండి, లోపల తియ్యటి వాసన వస్తే హీటర్ లీకు.

ఇవేవీ కాకపోతే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ దిమ్మకీ పైన హెడ్డుకీ మధ్య ఉండే సీలు. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేయించండి. ఆగకుండా బుడగలు వస్తూనే ఉంటే, వేడెక్కాక కూడా సైలెన్సర్ తెల్ల పొగ వదులుతుంటే, ఆయిల్ గేజి కర్రకి పాలు కలిపిన టీ రంగు అంటితే, బండి నడపడం ఆపి షెడ్డుకి తోలించండి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కాస్త తెల్లనురుగు కనిపిస్తే కంగారు పడకండి. బజారుకీ గుడికీ తప్ప దూరం వెళ్లని బండికి మన తేమ గాలిలో అది మామూలే.

ప్రశ్న: ఆకుపచ్చ కూలెంట్ ఉన్న బండిలో గులాబీ రంగుది కలిపితే ఏమవుతుంది?
– ఒక విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: రంగు అంటే కంపెనీ వేసే అద్దకం మాత్రమే బాబూ. దానికి అందరూ ఒప్పుకున్న నియమం లేదు, ఒకే రంగులో రెండు రకాల మందులుండవచ్చు. పడని రెండు రకాలు కలిస్తే మందులు విరిగిపోతాయి, ఒక్కోసారి గంజిలా చిక్కబడి గొట్టాల్లో పేరుకుంటుంది. పాతది ఏ రకమో తెలియకపోతే, మట్టం కొంచెం తగ్గినప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయండి. వీలు చూసుకుని మొత్తం కడిగి, ఒకే రకం పోసి, ఆ పేరు కాగితం మీద రాసి బోనెట్ లోపల అంటించండి. మీ తర్వాత ఆ బండి కొనేవాడు మిమ్మల్ని తలుచుకుంటాడు.

ప్రశ్న: వ్యాన్ మీద సాలూరు నుంచి కోరాపుట్‌కి లోడు తోలతాను. చదును రోడ్డు మీద బాగానే ఉంటుంది, సుంకి ఘాట్ ఎక్కుతుంటే ముల్లు పైకి పోతుంది. థర్మోస్టాట్ తీసేయిస్తే సరిపోతుందని తోటి డ్రైవర్లు అంటున్నారు. తీసేయించమంటారా?
– ఒక డ్రైవర్, సాలూరు

జవాబు: వద్దు తమ్ముడూ. మన ఊళ్లో ఈ అలవాటు నేను పనిలో చేరకముందు నుంచీ ఉంది, ఎన్ని ఇంజిన్లు దానివల్ల ముందే అరిగాయో నేను చూశాను. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని చిన్న తలుపు. అది లేకపోతే ఇంజిన్ కావలసిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. చల్లటి ఇంజిన్ ఎక్కువ తాగుతుంది, ఎక్కువ అరుగుతుంది. పాడైందని అనుమానం ఉంటే తీసి పరీక్ష చేసి, పాడైతే కొత్తది వేయాలి.

ఆ పరీక్ష మీ ఇంట్లోనే అవుతుంది. దాని అంచు మీద 82 అనో 88 అనో అంకె చెక్కి ఉంటుంది. దారం కట్టి, అడుగుకి తగలకుండా, పొయ్యి మీద గిన్నె నీళ్లలో వేలాడదీయండి. పక్కన వంటకి వాడే థర్మామీటర్ పెట్టండి. ఆ అంకె దగ్గరకి వేడి రాగానే మధ్య బిళ్ల నెమ్మదిగా లేచి సందు ఇస్తుంది. నీళ్లు తెర్లుతున్నా అది ముడుచుకునే ఉంటే పని అయిపోయింది, మార్చేయండి. చల్లటి నీళ్లలోనే తెరుచుకుని ఉన్నా పాడైనట్టే.

అయితే మీరు చెప్పిన తీరు చూస్తే నా అనుమానం గాలి మీద. చదును మీద బండి పరుగుకి గాలి తనంతట తనే రేడియేటర్‌కి కొడుతుంది. ఘాట్‌లో లోడు ఎక్కువ, వేగం తక్కువ, అప్పుడు భారమంతా ఫ్యాన్ మీదే. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతోందా, బెల్టు జారుతోందా చూపించండి. రేడియేటర్ రెక్కల మధ్య మట్టి, చచ్చిన పురుగులు అట్టకట్టాయేమో లైటు వేసి అవతలి వైపు నుంచి చూడండి. వెలుతురు కనపడని చోట గాలీ వెళ్లదు. ఇంజిన్ వైపు నుంచి బయటికి, సన్న ధారతో కడగండి, ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి. అదే మీ బండి వేగంగా వెళ్లినప్పుడు మాత్రమే వేడెక్కి ఉంటే, రేడియేటర్ లోపల పూడింది అనేవాణ్ణి.

ఎక్కేటప్పుడు ముల్లు కదలగానే ఏసీ ఆపండి, అద్దాలు దించి హీటర్ పూర్తిగా తిప్పండి. మీకు ఉక్కపోస్తుంది గానీ ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది. పెద్ద గేరులో గుర్రుమంటూ లాగించకుండా ముందే గేరు తగ్గించండి, పంపు వేగంగా తిరిగి నీళ్లు ఆడతాయి. ముల్లు ఎర్రగీత తాకినా, ఆవిరి కనిపించినా మలుపు కాని చోట పక్కకి తీసి, చక్రాలకి రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపేయండి. ముప్పావు గంటకి ముందు మూత ముట్టుకోకండి, ఆ తర్వాత కూడా పై పైపు చేత్తో పట్టుకుని వేడి లేదని తెలిశాకే తీయండి. వెనకనుంచి హారన్ కొట్టేవాళ్లు కొట్టనీ.

ప్రశ్న: కొత్తగా కరెంటు కారు కొన్నాం. బోనెట్ తీస్తే అందులోనూ కూలెంట్ బాటిల్ ఉంది. ఇంజినే లేనప్పుడు అది ఎందుకు? తగ్గితే మామూలు కూలెంట్ పోయవచ్చా?
– ఒక బ్యాంకు ఉద్యోగిని, శ్రీకాకుళం

జవాబు: బ్యాటరీ, మోటారు, వాటిని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె కూడా వేడెక్కుతాయి అమ్మా. చాలా కరెంటు కార్లలో వాటిని చల్లబరచడానికి ద్రవం తిరుగుతూ ఉంటుంది. కొన్నింటికి కరెంటు దాదాపు ప్రవహించని ప్రత్యేకమైన కూలెంట్ కావాలి. పక్క కారుకి తెచ్చిన డబ్బాలో మిగిలింది ఇందులో పోయకండి, డిస్టిల్డ్ వాటర్ కూడా మీ అంతట మీరు కలపకండి. దాని చుట్టూ వందల వోల్టుల తీగలుంటాయి, అందుకే ఈ పని ఇంటి దగ్గర చేసుకోమని నేను చెప్పను. మీరు చేయవలసింది నెలకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు, మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడటం. కిందికి దిగిందంటే ఫోన్‌తో ఒక ఫొటో తీసి, మీ బండి కొన్న చోటి వర్క్‌షాపుకి పంపి, ఎప్పుడు తీసుకురమ్మంటారో అడగండి.